దుప్పటికీ గలీబుకీ ఒకటే లెక్క

ఆ ఆసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే విభాగం ఉంది. అందులో ఇద్దరు తోడికోడళ్లు పనిచేసేవారు. వాళ్ల అత్తగారి మొహం ఏనాడూ చూడనివాళ్లు కూడా ఒకామెను పెద్దకోడలు అనీ, రెండో ఆమెను చిన్నకోడలు అనీ పిలిచేవాళ్లు. అసలు పేర్లు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేవు.

పెద్దకోడలికి కోపం ముక్కు మీదే ఉండేది. ఇన్నేళ్లు ఆవిరి గొట్టాల పక్కన పనిచేసి, ఆ సెగ కాస్తా లోపలికి పట్టిందని తోటివాళ్లు నవ్వేవారు. కానీ ఆమె చేతిలో పడ్డ బట్ట ఊరికే బయటికి పోయేది కాదు. నెత్తుటి మరకను వేడినీళ్లలో వేసి ఇంకా గట్టిగా పట్టేలా చేసినవాళ్లను ఆమె తిట్టే తిట్లు మెట్లెక్కి పైదాకా వినిపించేవి. చిరుగు కనిపిస్తే పక్కన పెట్టి, తీరిక దొరికినప్పుడు సూదీ దారం తీసేది. అన్నిటికన్నా ముఖ్యం, మాసిన మూటలు విప్పే గదిలో ఆమె వంతు వచ్చినప్పుడు ప్రతి మడతా, ప్రతి జేబూ తడిమి చూశాకే ఉతికే మరలో వేసేది. రోగుల దువ్వెనలు, కళ్లజోళ్లు, ఉంగరాలు దొరికేవి. ఒకసారి కట్టుడు పళ్ల సెట్టు దొరికితే, "పాపం ఆ ముసలాయన పాలల్లో రొట్టె నానబెట్టుకుని తింటూ ఉంటాడు" అంటూ తానే పై అంతస్తుకు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చింది. ఇంజెక్షన్ సూదులు కూడా దొరికేవి. దొరకకూడదు, కానీ దొరికేవి. తొందరలో ఎవరో పక్క మీద వదిలేసిన సూది దుప్పటితో పాటే చుట్ట చుట్టుకుని కిందికి దిగేది. అలా తడిమి చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూడకపోతే నిద్రపట్టదు, అంతే.

అప్పట్లో వాళ్ల మీద ఒక లావుపాటి సూపర్‌వైజరమ్మ ఉండేది. ఆవిడ ఎవరినీ పొగిడిన పాపాన పోలేదు. బహుమతి అన్న మాటే ఆవిడ నోట వినలేదు. కానీ వారం తిరిగేసరికి బల్లలు మార్చేది. ఈ వారం తడి దుప్పట్లు మోసిన చేతులకు వచ్చే వారం దిండు గలీబులు. ఆ పై వారం మాసిన మూటల గది, ఆ తర్వాత గౌన్లు. బరువు అందరి నడుములకూ ఒకేలా తగిలేది. అదొక న్యాయమని అప్పుడు ఎవరూ అనుకోలేదు. గాలి ఉన్నన్నాళ్లూ గాలి గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ఆవిడ రిటైరయ్యాక కొత్త మేనేజరు వచ్చాడు. అంతకుముందు ఏదో పెద్ద దుకాణంలో సరుకు పంపిణీ చూసినవాడట. చిన్న వయసు, నలగని చొక్కా, మెత్తని మాట. ఎవరినీ 'నువ్వు' అనేవాడు కాదు. మొదటి రోజే అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"బాగా చేసేవాళ్లకి గుర్తింపు ఉండాలి. చెయ్యనివాళ్లకి చెయ్యట్లేదని తెలియాలి. నాకు ఎవరి మీదా ప్రేమ లేదు, ద్వేషం లేదు. అంకె ఏం చెప్తే అదే."

వారం గడవకుండానే గోడకు ఒక బోర్డు వచ్చింది. ఎక్కువ బట్టలు చేసినామె ఫొటో అందులో పచ్చ చట్రంలో పెడతారు. ఆ వారం సెలవు ఏ రోజు కావాలో ఆమే ఎంచుకోవచ్చు. అదే వారంలో తలుపు పక్కకు ఒక ఎర్ర స్టూలు కూడా వచ్చింది. అంకె తక్కువ వచ్చినామె, లేదా చేసిన బట్ట పైనుంచి తిరిగొచ్చినామె, టీ విరామంలో ఆ స్టూలు మీద అందరికీ ఎదురుగా కూర్చోవాలి. తిట్టడాలు లేవు, కొట్టడాలు లేవు. ఊరికే కూర్చోవాలి.

పోల్చడానికి వీలుగా ఉంటుందని బల్లలు మార్చడం ఆపేశాడు. ఆ రోజు ఎవరు ఏ బల్ల దగ్గర నిలబడి ఉన్నారో ఇక అదే వాళ్ల బల్ల. పెద్దకోడలు దుప్పట్ల దగ్గర ఉంది. చిన్నకోడలు గలీబుల దగ్గర ఉంది.

తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా లాగి, కాలే ఇస్త్రీ రోలర్‌కు అందించాలి. అవతల దాన్ని అందుకుని నాలుగు మడతలు వెయ్యాలి. గలీబు అయితే ఒంటిచేత్తో విసిరినా పోతుంది. బోర్డు లెక్కలో మాత్రం దుప్పటీ ఒకటే, గలీబూ ఒకటే.

మొదటి వారమే చిన్నకోడలి ఫొటో ఎక్కింది. రెండో వారం దిగలేదు. మూడో వారం కూడా ఆ నవ్వుమొహమే. చిన్నకోడలు చెడ్డదేం కాదు. పొగడ్త ఎరగని ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చినామె. పచ్చ చట్రంలో తన మొహం చూసుకుంటే ఎవరో తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టుండేది. ఆ ఫొటోకు ఫోనులో మరో ఫొటో తీసి అత్తకు చూపించింది. అత్త ఆ ఫోను పట్టుకుని మెట్ల మీద ఎదురైన వాళ్లందరికీ చూపించి వచ్చి, పెద్దకోడలి వైపు తిరిగింది.

"ఇద్దరూ ఒకే చోట చేస్తారు కదా, మరి నీ ఫొటో ఎందుకు పెట్టలేదే?"

భోజనాలయ్యాక గిన్నెలు తోమేటప్పుడు పెద్దకోడలు చెంచాలన్నీ ఏరి చిన్నకోడలి వైపు నెట్టింది. అడుగంటిన పెద్ద గిన్నెలు తన వైపు లాక్కుంది.

"ఇదేంటక్కా?" అంది చిన్నకోడలు.

"లెక్కేసుకో. నువ్వు ఇరవై తోముతావు, నేను మూడు తోముతాను. మీ అత్తకి చెప్పు, ఇవాళ ఇంట్లో కూడా నీదే ఫొటో అని."

"బల్ల నేను అడిగి తీసుకున్నానా?"

"లేదు. కానీ ఇచ్చెయ్యను కూడా లేదుగా."

చిన్నకోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దకోడలికి అది చూసి జాలి వెయ్యలేదు, ఇంకా ఒళ్లు మండింది. పక్కగదిలోంచి పెద్దకోడలి భర్త కేకేశాడు. "ఉద్యోగం ఉద్యోగంలా చేసుకోక, ఫొటోల గోల దేనికి?" పెద్దకోడలు వంటగది తలుపు ధడాలున మూసింది.

మర్నాడు ఆమె మేనేజరు గదికి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సార్, ఒక దుప్పటికి ఇద్దరి చేతులు పడతాయి. గలీబుకి ఒక చెయ్యి చాలు. రెండూ ఒకటేనా?"

"నియమం అందరికీ ఒకటేనమ్మా. మీకొక రకం, ఇంకొకరికి ఇంకో రకం పెడితే అదీ అన్యాయం."

"అయితే బల్లలు మార్చండి. ఇదివరకు మార్చేవాళ్లు."

"మారిస్తే ఎవరెంత చేశారో ఎలా తెలుస్తుంది?" ఆయన ఇంకా మెత్తగా అడిగాడు. "మీ తోడికోడలి ఫొటో అక్కడ ఉందని కష్టంగా ఉందా?"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. న్యాయం అడగడానికి వచ్చినదాన్ని ఓర్వలేని మనిషిగా మార్చి పంపించాడు. మళ్లీ ఆ గొంతులో కోపమేమీ లేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. మర్యాదగా అవమానిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

ఆ వారం ఆమె మరక పోని దుప్పట్లు చాలా పక్కన పెట్టింది. వాటిని మళ్లీ నానబెట్టాలి. పక్కన పెట్టినవి లెక్కలోకి రావు. వారం చివర ఆమె అంకె అందరికన్నా కింద ఉంది. టీ విరామంలో మేనేజరు స్టూలు వైపు చూశాడు.

ఆమె వెళ్లి కూర్చుంది. ఎదురుగా ఇరవైమంది ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ ఆమె పక్కనే నిలబడి టీ తాగే మనిషి నేలచూపులు చూస్తోంది. చిన్నకోడలు గోడ వైపు తిరిగింది. ఆ గోడ మీద ఆమె ఫొటోనే ఉంది. పెద్దకోడలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఏళ్ల తరబడి తాను పక్కన పెట్టిన చిరుగులు, ఏరిన సూదులు, తీసిన మరకలు ఏ అంకెలోనూ లేవు. వాటికి బహుమతి రాకపోయినా ఆమెకు చింత లేదు, ఎప్పుడూ రాలేదు కూడా. ఇప్పుడు వాటికే శిక్ష పడింది. విరామం అయిపోయేసరికి ఆమె లోపల ఏదో గట్టిపడింది.

దుప్పట్ల దగ్గర అంకె రావట్లేదని మరుసటి వారం ఆమెను మాసిన మూటల గదికి మార్చారు. అక్కడ విప్పిన మూటలను బట్టి అంకె.

"మూటలు కావాలంటాడుగా. మూటలే ఇస్తాను," అనుకుంది పెద్దకోడలు.

ఆ రోజు నుంచి ఆమె తడిమి చూడటం మానేసింది. మూట ముడి విప్పడం, తెల్లవి ఒక బండిలోకి, రంగువి ఇంకో బండిలోకి దులపడం, తర్వాతి మూట అందుకోవడం. మొదటి రోజు చేతులు వాటంతటవే మడతల్లోకి పోయేవి. వెనక్కి లాక్కునేది. మూడో రోజుకు చేతులు కూడా నేర్చుకున్నాయి. పనిచేస్తున్నంతసేపూ పళ్లు కొరుకుతూ ఉండేది. ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు ఒక రకమైన తృప్తి ఉండేది. ఆ ఎవరో ఎవరన్నది ఆలోచించలేదు.

ఆమె ఒక్కతే కాదు. దుప్పట్ల దగ్గరివాళ్లు మరకల్ని లోపలి మడతలో దాచి పైకి పంపిస్తున్నారు. చిరిగినవి పక్కవాళ్ల దొంతరలోకి తోసేస్తున్నారు. గలీబుల బుట్ట కోసం ఇద్దరు జుట్లు పట్టుకునేదాకా పోయారు. ఒకప్పుడు ఎవరికైనా నడుం పట్టేస్తే పక్కామె వచ్చి కొస పట్టుకునేది. ఇప్పుడు పట్టుకుంటే తన అంకె తగ్గుతుంది. పై అంతస్తు హెడ్‌నర్సు రెండుసార్లు కిందికి దిగొచ్చి, మరకల దుప్పటి ఒకటి బల్ల మీద పడేసి వెళ్లింది. కానీ బోర్డు మీద అంకెలు మాత్రం వారం వారం పెరుగుతున్నాయి. మేనేజరు మొహం వెలిగిపోతోంది.

ఆ నెలాఖరుకు పచ్చ చట్రంలో పెద్దకోడలి ఫొటో ఎక్కింది.

ఆమె ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. ఇన్నేళ్లలో తాను ఇంత అధ్వానంగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఒళ్లు దాచుకోకుండా చేసినన్నాళ్లూ దక్కింది స్టూలు. కళ్లు మూసుకుని చేస్తే దక్కింది చట్రం. మేనేజరు వచ్చి, "చూశారా, మీలో ఎంత శక్తి ఉందో," అన్నాడు. ఆ మెత్తని మొహాన్ని రోలర్‌లో పెట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. ఇంట్లో అత్త ఈసారి పెద్దకోడలి ఫొటో చూపించడానికి మెట్లు దిగబోతుంటే, ఆమె ఫోను లాక్కుంది. "నన్ను చూసి నవ్వుకునేవాళ్లు చాలు, ఇంకా పోగెయ్యకు," అంది. అత్తకు ఏమీ అర్థం కాలేదు. రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు.

ఆ తర్వాతి వారంలోనే జరిగింది. చిన్నకోడలు గలీబుల బుట్టలోకి చెయ్యి పెట్టి కెవ్వుమంది. ఒక గలీబు మూలలో సూది ఇరుక్కుని ఉంది. మర తిప్పిన తిప్పుడుకు బట్టలోకి దిగిపోయి, మొన మాత్రం బయటికి ఉంది. అది ఆమె అరచేతిలో దిగింది. ఆమె రెండో చేత్తో రోలర్ ఆపేసింది. తోటివాళ్లు ఆమెను పైకి పరిగెత్తించారు. కడిగారు, నెత్తురు తీశారు, మాత్రలు ఇచ్చారు. ఇప్పుడే ఏమీ చెప్పలేం, కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చెయ్యాలి అన్నారు.

మాసిన మూటల గదిలో ఉన్న పెద్దకోడలికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. బట్టలు ఉతికే మరలోకి పోయేది ఆ గది నుంచే. ఆ గదిలో ఇన్ని వారాలుగా ఉన్నది తానే.

ఆమె తలుపు తోసుకుని హాల్లోకి వచ్చేసరికి టీ వేళైంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చిన్నకోడలు ఎర్ర స్టూలు మీద కూర్చుని ఉంది. చేతి తొడుగులు వేసుకోలేదట. అడగకుండా రోలర్ ఆపిందట. దాంతో వెనక ఉన్న పని అంతా ఆగిందట. ఆ తొడుగులు వేసుకుంటే గలీబులు వేగంగా జారవని, అంకె పెరగాలని తీసేసినవాళ్లలో ఆమె కూడా ఒకతె, అంతే. అది మేనేజరు రోజూ చూస్తూనే ఉన్నాడు.

"లే," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు తలెత్తింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"లేవమంటున్నానా. నువ్వు కూర్చోవాల్సిన చోటు కాదిది."

చెయ్యి పట్టుకుని లేపి, తాను కూర్చుంది. మేనేజరు దగ్గరకొచ్చాడు.

"మిమ్మల్ని కూర్చోమని ఎవరన్నారమ్మా?"

"నేనే అంటున్నాను సార్. ఆ సూది నా గదిలోంచే వచ్చింది. చూడాల్సింది నేను. ఇదివరకు చూసేదాన్ని, మరకలు చూసి పక్కన పెట్టినందుకు మీరు నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. చూడటం మానేస్తే బోర్డు ఎక్కించారు. అదిగో, ఇంకా అక్కడే ఉంది నా మొహం."

చిన్నకోడలు కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆమె వైపే చూస్తోంది.

"సరే, ఈ విషయం తర్వాత మాట్లాడదాం. విరామం అయిపోయింది. లేచి పనిలోకి వెళ్లండి," అన్నాడు మేనేజరు.

"లేవను. తప్పు చేసినవాళ్లు కూర్చోవాలన్నారుగా. నేను చేసిన తప్పుకి టీ వేళ చాలదు."

ఆమె లేవలేదు. మూటల గదిలో మూటలు గుట్టపడ్డాయి. లోపలినుంచి బట్టలు రాకపోతే మరలు ఆగాయి, మరలు ఆగితే రోలర్ ఆగింది. మొదట్లో మేనేజరు ఇంకొకామెను ఆ గదిలోకి వెళ్లమన్నాడు. ఆమె తన చేతి తొడుగుల వైపు, ఆ తర్వాత చిన్నకోడలి కట్టు వైపు చూసి, అక్కడే నిలబడిపోయింది. ఇంకెవరూ కదల్లేదు. వాళ్లకు పెద్దకోడలి మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు. ప్రతి ఒక్కరూ తాము మడతలో దాచిన మరకల్ని తలుచుకుంటున్నారు.

చివరికి దుప్పట్లు రాలేదని హెడ్‌నర్సు దిగొచ్చింది. స్టూలు మీద కూర్చున్న మనిషిని, ఆగిన రోలర్‌ను, మేనేజరును చూసింది.

"ఏం జరిగింది?" అని మేనేజరును అడగలేదు, పెద్దకోడలిని అడిగింది. పెద్దకోడలు మొదటినుంచీ చెప్పింది. తన తప్పు దగ్గర గొంతు తగ్గించలేదు, మేనేజరు తప్పు దగ్గర పెంచనూ లేదు. హెడ్‌నర్సు విన్నంతసేపూ విని, "మా వాళ్లు పక్క మీద సూది ఎందుకు వదిలారో అది నేను చూసుకుంటాను," అని, మేనేజరును వెంటబెట్టుకుని పైకి వెళ్లింది.

విచారణ జరిగింది. అందరినీ పిలిచి అడిగారు. ఎర్ర స్టూలు తీసేశారు. బల్లలు మళ్లీ వారం వారం మారుతున్నాయి. తొడుగులు లేకుండా ఎవరూ బుట్టలో చెయ్యి పెట్టకూడదన్నారు. మేనేజరును ఏమీ అనలేదు. పైగా, లోపాన్ని గుర్తించి పద్ధతిని సరిదిద్దినందుకు పై ఆఫీసులో ఆయన్ను మెచ్చుకున్నారని తెలిసింది. ఆ మాట విన్న రోజు పెద్దకోడలు తెల్లటి దుప్పటి ఒకదాన్ని రెండు చేతులతో నులిమి పిండింది, ఆరిపోయిన దుప్పటే అది.

ఆమెకూ శిక్ష పడింది. చూడాల్సింది చూడనందుకు కొన్నాళ్లు జీతం లేకుండా ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ కాగితం ఇచ్చినప్పుడు గొడవ చేస్తుందని గుమాస్తా భయపడ్డాడు. ఆమె సంతకం పెట్టి ఇచ్చేసింది. ఇన్ని నెలల్లో ఆమెకు కోపం రానిది అదొక్కటే.

ఆమె ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో చిన్నకోడలు పనికి వెళ్లొస్తూనే ఉంది, కానీ ఆమెతో మాట్లాడేది కాదు. ఒక సాయంత్రం వంటగదిలో ఇద్దరే ఉన్నప్పుడు, కూర తరుగుతున్న పెద్దకోడలి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నా మీద కోపంతోనే చూడటం మానేశావా అక్కా? నా ఫొటో పెట్టారనేనా?"

పెద్దకోడలు కత్తి కింద పెట్టింది.

"నీకు తగలాలని కాదు. కానీ ఎవరికో తగులుతుందని తెలుసు. తెలిసే మానేశాను. కోపంలో ఆ ఎవరో ఎవరని ఆలోచించలేదు."

"అది ఇంకా అన్యాయం."

"అవును."

"నీ మీద నాకు కోపం పోలేదు."

"పోనక్కర్లేదు. నా మీద నాకే పోలేదు. ఆయన మీద అసలే పోలేదు."

చిన్నకోడలు తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తింది. రెండో పరీక్ష, మూడో పరీక్ష కూడా అయ్యాక, భయం లేదని చెప్పారు. ఆ రోజు అత్త ఇద్దరినీ దగ్గరకు తీసుకుని ఏడ్చింది. పెద్దకోడలు ఏడవలేదు. ఆ ఏడుపు తనకు చెందదనిపించింది.

ఇప్పుడు మూటల గదికి ఆమె వంతు వచ్చినప్పుడు మళ్లీ మడతమడతా తడిమి చూస్తుంది. మేనేజరు అటుగా వస్తే తల తిప్పదు, నమస్కారం పెట్టదు. ఆయన చెప్పిన పని చేస్తుంది, అంతకు మించి ఒక్క మాట మాట్లాడదు. ఆసుపత్రి కోసం ఒకప్పుడు తీరిక వేళల్లో కుట్టిన చిరుగులు ఇప్పుడు కుట్టదు. అవి పక్కన పెట్టి వదిలేస్తుంది. వాళ్లు అడిగితే చూద్దాం అనుకుంటుంది, వాళ్లు అడగరు.

చిన్నకోడలు గలీబుల దగ్గర ఉన్న వారం, ఆమె చూసి పంపిన బట్టలు అక్కడికి వస్తాయి. తొడుగుల మీంచే అయినా, చిన్నకోడలు ప్రతి గలీబునూ మూలలు పట్టుకుని ఒకసారి దులిపి చూసుకుంటుంది. పెద్దకోడలు చూసిందని తెలిసినా సరే, చూసుకుంటుంది. తలుపు సందులోంచి అది కనిపించినప్పుడల్లా పెద్దకోడలు తల వంచుకుని తర్వాతి మూట ముడి విప్పుతుంది. గుండెల్లో భగ్గుమనే మంట చిన్నకోడలి మీద కాదు.